మినికాయ్‌లో ఒక పగలు: ఊరికే కూర్చుంటే తప్పా?

ప్రశ్న: మేడం గారూ, నమస్కారం. మాది హనుమకొండ. సంక్రాంతి తర్వాత కొచ్చి నుంచి ఓడలో లక్షద్వీప్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, డిగ్రీ చదివే మా పాప, మా అత్తమ్మ. రాత్రిళ్లు ఓడలో ప్రయాణం, పగలు దీవిలో. మొదట కవరత్తి, తర్వాత కల్పేని, చివరిరోజు మినికాయ్. అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు దింపి సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ ఓడ ఎక్కిస్తారట. మా ఆయన ఆ ఒక్క పగటికే గంట గంటకూ ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టారు. లైట్‌హౌస్, స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, ముఖం నీళ్లలో పెట్టి ఈదడమట), ఊరు, చేపల ఫ్యాక్టరీ, కయాకింగ్ (చిన్న తెడ్డు పడవ). నాకేమో ఆ నీళ్ల పక్కన ఒక చెట్టు కింద పొద్దంతా కూర్చోవాలని ఉంది. ఆ మాటే అంటే ‘దానికి అంత డబ్బు, అంత దూరం ఎందుకు? లక్నవరం పోతే సరిపోదా?’ అన్నారు. ఇంకోటి. అత్తమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆదిలాబాద్ వైపు పత్తి చేలల్లో బతికిన మనిషి, సముద్రం ఎన్నడూ చూడలేదు. ఓడ మీంచి చిన్న పడవలోకి దిగాలంటే భయపడుతున్నారు. ఆమెను ఆ రోజు ఓడలోనే ఉంచేయాలా? దీవి నుంచి ఏం తెచ్చుకోవచ్చో కూడా చెప్పండి.
– ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ కోరిక తప్పు కాదు. మీ ఆయన అడిగింది కూడా తప్పు కాదు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. లక్నవరం పోతే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పుకుంటే ఆ పగలు ఎలా గడపాలన్నది సగం తేలిపోతుంది.

లక్నవరం కాకతీయుల కాలం నాటి చెరువు. గుట్టల నడుమ కట్ట పోసి వాననీళ్లు ఆపారు. మనం వేలాడే వంతెన దాటి వెళ్లే ఆ దీవులు ఒకప్పటి గుట్టలే, చుట్టూ నీళ్లు చేరేసరికి దీవులయ్యాయి. మినికాయ్ పుట్టుక వేరు. దాని అడుగున, చాలా లోతులో, పాత అగ్నిపర్వతపు రాయి ఉంది. ఆ రాయి కోట్ల ఏళ్లుగా మెల్లమెల్లగా కుంగిపోతూ వచ్చింది. దాని అంచున బతికే పగడపు జీవులకు వెలుతురు లేకపోతే బతుకు లేదు. కాబట్టి కింద రాయి కుంగేకొద్దీ అవి పైకి కట్టుకుంటూ వచ్చాయి. కొండ మునిగిపోయింది, అవి కట్టిన గోడ మాత్రం నీటి మట్టం దాకా మిగిలింది. ఈ సంగతిని డార్విన్ అనే శాస్త్రవేత్త 1842లోనే వివరించాడు. 1952లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవి దగ్గర లోతుగా బోరు వేసి చూస్తే, 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి, దాని కింద అగ్నిపర్వతపు రాయి తగిలాయి. ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది.

మీ అత్తమ్మకు ఈ కథ తప్పకుండా చెప్పండి. ఆమెకు అందులో వాటా ఉంది. ఆదిలాబాద్ నల్లరేగడి నేల, దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను మీద పారిన లావా రాయిగా మారి, ఆ రాయి అరిగి ఏర్పడింది. ఆ లావాను కక్కిన వేడి భూమి లోపల ఒకచోటే ఉండిపోయింది. దాని మీదుగా మన నేల ఉత్తరానికి జరుగుతూ పోతుంటే, వెనకాల సముద్రం అడుగున పొడుగాటి రాతిగట్టు ఒకటి మిగిలింది. లక్షద్వీప్ ఆ గట్టు మీదే ఉంది. ఆమె పత్తి ఏరిన నేలకూ, ఆ దీవి అడుగున ఉన్న రాయికీ పుట్టిల్లు ఒకటే.

ఇక కూర్చోవడం సంగతి. గుట్టనో గుడినో చూడాలంటే మనమే నడిచి వెళ్లాలి. ఇలాంటి దీవిలో చూడాల్సింది మన ముందుకే వస్తుంది, పోతుంది. మినికాయ్‌కి పడమర వైపున పెద్ద మడుగు ఉంటుంది, లగూన్ అంటారు. దాని అవతలి అంచున పగడపు గట్టు, ఆ గట్టు దాటితే నిజమైన సముద్రం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. మీకున్నది ఎనిమిది గంటలు. అంటే ఒకేచోట కూర్చుంటే, వేళ కలిసొస్తే, నీళ్లు పూర్తిగా నిండడమో, పూర్తిగా తీయడమో మొదటి నుంచి చివరి దాకా చూడొచ్చు. ఆటు మీద గట్టు గోధుమరంగులో పైకి తేలుతుంది, దాని అవతల అలలు విరిగే తెల్లటి గీత కనిపిస్తుంది, గుంటల్లో చిక్కిన చిన్న చేపల కోసం కొంగలు దిగుతాయి. పోటు మొదలైతే ఆ గుంటలన్నీ ఒక్కొక్కటిగా కలిసిపోతాయి. నీళ్ల రంగు లోతును బట్టి మారుతుంది. ఉదయం పాలిపోయిన పచ్చగా ఉన్న చోటే మధ్యాహ్నానికి నీలంగా కనిపించవచ్చు.

ఇసుకలో ఇంకో లోకం ఉంటుంది. ఇంకొకరి గవ్వలో కాపురముండే చిన్న పీతలు మన అడుగుల చప్పుడుకు ముడుచుకుని రాళ్లలా పడి ఉంటాయి. మీరు కదలకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే ఇసుకంతా నడవడం మొదలుపెడుతుంది. ఆ ఇసుక తెల్లగా ఎందుకుందో మీ పాపకు చెప్పండి. అది మన వాగు ఇసుకలాగా రాయి అరిగి వచ్చింది కాదు. పగడాలు, గవ్వలు, శంఖాలు పొడి అయినది. అందులో కొంత భాగం చిలకచేప పని. చిలక ముక్కులాంటి పళ్లతో పగడాన్ని కొరికి, నాచు తిని, సున్నాన్ని మెత్తటి ఇసుకగా విసర్జిస్తుంది. ముఖం నీళ్లలో పెట్టి నిశ్శబ్దంగా తేలుతుంటే అవి పగడాన్ని కొరికే చప్పుడు కూడా వినిపిస్తుంది.

గంటకో చోటికి పరిగెత్తే మనిషికి ఇవేవీ కనిపించవు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కల్పేనిలో ఒక్క పగట్లో అన్నీ చూసెయ్యాలని తిరిగాను. ఇంటికొచ్చి ఫొటోలు చూస్తే ఏది ఏ దీవిదో గుర్తుపట్టలేకపోయాను. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఒక కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని చూసిన ఆటు నీళ్లు మాత్రం ఈ రోజుకీ కళ్లముందు ఉన్నాయి. అందుకే గట్టిగా చెబుతున్నాను, మీరు అడుగుతున్నది ఖాళీగా కూర్చోవడం కాదు. ఆ దీవిని చూసే పద్ధతుల్లో అన్నిటికంటే మంచిది అదే.

అలాగని మీ ఆయన రాసుకున్న కాగితం చించేయొద్దు. అందులోంచి ఒక్కటి ఎంచుకోమనండి. నన్నడిగితే లైట్‌హౌస్. 1885లో, బ్రిటిష్ వాళ్ల కాలంలో, ఆ దారిన పోయే ఓడల కోసం కట్టింది. పైకెక్కితే దీవి మొత్తం, మడుగు మొత్తం, గట్టు గీత మొత్తం ఒక్క చూపులో కనిపిస్తాయి. ఇందాక నేను చెప్పిన కథంతా ఆయనకు పైనుంచి బొమ్మ గీసినట్టు అర్థమవుతుంది. పైకి ఎప్పుడు ఎక్కనిస్తారో మాత్రం దిగగానే అడిగి తెలుసుకోండి.

కాకపోతే దిగగానే ఎక్కవద్దు. కల్పేని నుంచి మినికాయ్‌కి దాదాపు 200 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది నడిసముద్రం, తొమ్మిదో అక్షాంశం మీద ఉంది కాబట్టి దాన్ని నైన్ డిగ్రీ ఛానెల్ అంటారు. రాత్రంతా ఓడ ఊగుతుంది. మన చెవి లోపల తూకం చూసే భాగం ఆ ఊపుకు అలవాటు పడిపోతుంది. పొద్దున నేల మీద కాలు పెట్టాక కూడా భూమి ఊగుతున్నట్టే ఉంటుంది. కొందరికి తల తిరుగుతుంది, మెట్ల మీద అడుగు తప్పుతుంది. దానికి టెన్షన్ పడాల్సింది లేదు, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. మొదటి రెండు గంటలు అందరూ నీళ్ల పక్కనే ఉండండి. ఆయన, పాప లైఫ్ జాకెట్ వేసుకుని, అక్కడి సిబ్బంది చూపించిన చోట మాత్రమే స్నార్కెలింగ్ చేయొచ్చు. పగడపు గట్టు తెగి సందు ఉన్న దగ్గర నీరు లాగుతుంది, అటు పోవద్దు. భోజనం అయ్యాక, ఎండ కాస్త వాలాక, ఆయనా పాపా లైట్‌హౌస్‌కి వెళ్లి వస్తారు. మీరు వెళ్తారో, అత్తమ్మ పక్కన కూర్చుంటారో అప్పటికప్పుడు మీ మనసు ఎలా చెబితే అలా. చివరి పడవకు గంట ముందు అందరూ ఒకచోట చేరాలన్న మాట మాత్రం ఉదయమే అనుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు.

అత్తమ్మ సంగతి. ఆమెను ఓడలో ఉంచేయాలా వద్దా అన్నది మీరూ మీ ఆయనా కలిసి తేల్చే విషయం కాదు. ఆమెకు ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పి, ఆమెనే తేల్చుకోనివ్వండి. జరిగేది ఇది. గట్టుకు బయట సముద్రం ఒక్కసారిగా లోతు, లోపల మడుగు కొన్ని మీటర్లే. అంత పెద్ద ఓడ లోపలికి రాలేదు. వాతావరణం అనుకూలిస్తే కొన్ని దీవుల్లో జెట్టీకి ఆనుకుని ఆగుతుంది, అప్పుడు ఇబ్బందే లేదు. కుదరకపోతే సముద్రంలోనే ఆగి, మనుషుల్ని చిన్న పడవల్లోకి దింపుతారు.

పడవ అలతో పాటు లేస్తుంది, దిగుతుంది. లేచిన కొసన ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది. అడుగు పెట్టాల్సింది ఆ క్షణంలో. దూకకూడదు, ఊరికే అడుగు వేయాలి. ఎప్పుడన్నది పడవవాళ్లు చెబుతారు, వాళ్లకది రోజూ చేసే పని. వాళ్ల వేళ్లు కాదు, మోచేతి కింద పట్టుకోమనండి, వాళ్లూ అలాగే పట్టుకుంటారు. ఆమె చేతిలో సంచి గానీ, ఫోన్ గానీ, నీళ్ల సీసా గానీ ఉండకూడదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి. చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి. చేలో పనికి పోయేటప్పుడు గోచి పోసి కట్టిన మనిషే కదా, ఆ రోజు అలాగే కట్టుకోమనండి. ఆమెకు అంతకంటే ధైర్యమిచ్చే కట్టు ఉండదు.

ఇప్పటి నుంచే రోజూ ఇంట్లో ఒక పరీక్ష చేయండి. పక్కన ఒకరి చేయి పట్టుకుని, అడుగు ఎత్తున్న మెట్టు పదిసార్లు ఎక్కి దిగగలరా? నొప్పి లేకుండా చేయగలిగితే, సముద్రం నిదానంగా ఉన్న రోజు ఆమె పడవలోకి దిగగలరని నా నమ్మకం. మీ డాక్టరును కూడా ఒకసారి అడగండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర సంగతీ అక్కడే తేల్చుకోండి, ఆమె వాడే మందులతో పడుతుందో లేదో వాళ్లే చెప్పాలి. కవరత్తిలో, కల్పేనిలో ఎలా దిగారో చూశాక మినికాయ్ నిర్ణయం ఆమెకే తేలికవుతుంది. ఆ పొద్దున అలలు ఎక్కువుండి ‘నేను దిగనే, మీరు పోయి రండి’ అంటే బతిమాలొద్దు, ఒంటరిగానూ వదలొద్దు. ఆ రోజు ఆమెతో ఎవరు ఉంటారో ముందే అనుకోండి. అది మీరే అని ఎవరూ రాసిపెట్టలేదు. ఆమె కొడుకు కూడా ఉండొచ్చు. ఆ దీవిని ఓడ పై అంతస్తు నుంచి, తల్లి పక్కన కూర్చుని చూడటం ఆయనకూ బాగుంటుంది.

ఆమె దిగితే ఆ రోజు ఆమెకు కావాల్సింది నీడ, ఎత్తైన కుర్చీ, దగ్గర్లో బాత్రూం. ఇసుకలో కింద కూర్చుంటే లేవడం కష్టం, కుర్చీ దొరుకుతుందేమో ముందే అడగండి. మందులు ఓడ క్యాబిన్‌లో వదలకుండా మర్నాటికి కూడా సరిపడా చేతిసంచిలో పెట్టుకోండి. మోకాలి లోతు నీళ్లలో, మీ చేయి పట్టుకుని, ఆమె ఒక పావుగంట నిలబడాలి. మొదటిసారి సముద్రం చూసే మనిషికి అలలు లేని ఆ మడుగు కంటే దయగల సముద్రం ఇంకెక్కడా దొరకదు.

ఎండ గురించి కాస్త గట్టిగా హెచ్చరిస్తాను. జనవరి కదా అని మన దగ్గరిలా చలి ఉంటుందనుకోవద్దు. మినికాయ్ ఉన్నది ఎనిమిదో అక్షాంశం మీద, మనం పద్దెనిమిదో అక్షాంశం మీద. ఆ రోజుల్లో అక్కడి సూర్యుడు మన మీద కంటే నిటారుగా ఉంటాడు. పైగా తెల్ల ఇసుక, నీళ్లు కలిసి కింది నుంచి కూడా ఎండ కొడతాయి. ఇంకో సంగతి, మనకంటే పడమర ఉండటం వల్ల అక్కడ సూర్యుడు నడినెత్తికి సుమారు 25 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. నడినెత్తి ఎండ పన్నెండుకు కాదు, పన్నెండు ముప్పావు ప్రాంతంలో. పదకొండు నుంచి రెండున్నర దాకా నీడ వదలొద్దు. స్నార్కెలింగ్ చేసేవాళ్లకు వీపు మాడిపోతుంది, నీళ్లలో చల్లగా ఉండటంతో తెలియదు. నిండు చేతుల టీషర్టుతోనే దిగమనండి. పగడాల మీద నిలబడవద్దని పాపకు చెప్పండి. అవి రాళ్లలా ఉంటాయి కానీ ప్రాణమున్నవి, మన కాలినీ కోస్తాయి.

మంచినీళ్లు అక్కడ విలువైనవి. వాగు లేదు, చెరువు లేదు. ఇసుక కింద ఉప్పునీటి మీద పలుచగా తేలే వాననీరే బావుల్లో ఉంటుంది. అందుకే 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం పెట్టారు, రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో. తర్వాత మినికాయ్‌లోనూ అలాంటిది వచ్చింది. స్నానం కోసం బకెట్ల మీద బకెట్లు గుమ్మరించకండి.

భోజనంలో చేప, కొబ్బరి ఎక్కువ. అత్తమ్మ శాకాహారం తింటారంటే ఓడలో ముందురోజే చెప్పండి. పండక్కి చేసిన సకినాల డబ్బా ఒకటి వెంట ఉంటే మంచిది. ఓడ ఊగేటప్పుడు కడుపు తిప్పితే పొడిగా ఏదైనా నమలడం హాయిగా ఉంటుంది.

ఊళ్లోకి వెళ్తే నిండుగా బట్టలు వేసుకుని వెళ్లండి, తడి బట్టలతో వద్దు. ఊళ్లో దాదాపు అందరూ ముస్లింలే, ఆడవాళ్ల ఫొటో అడగకుండా తీయొద్దు. మిగతా దీవుల్లో మలయాళం మాట్లాడతారు, మినికాయ్‌లో మాత్రం మాల్దీవుల భాషకు చెందిన మహల్. రాసేది కుడి నుంచి ఎడమకు. మగవాళ్లలో చాలామంది ఓడల్లో పనిచేస్తూ నెలల తరబడి బయట ఉంటారు. ఇంటి పెత్తనంలో ఆడవాళ్ల మాట బాగా నడుస్తుంది. మీ అత్తమ్మ వయసు ఆడవాళ్లు ఎవరైనా పలకరిస్తే భాష రాదని తొందరపడి లేచిరాకండి. కూర్చోనివ్వండి, వాళ్లకు మాటలు కలుస్తాయి.

చేపల ఫ్యాక్టరీ కంటే వీలైతే చేపల పడవను చూడండి. వాళ్లు ట్యూనా పట్టేది గాలంతో. ముందు మడుగులో చిన్న చేపల్ని ప్రాణంతో పట్టి పడవలోనే నీళ్లలో ఉంచుకుంటారు. సముద్రంలో ట్యూనా గుంపు కనిపించగానే వాటిని చల్లి, పైనుంచి నీళ్లు చిమ్ముతారు. ఎర గుంపు అదిరిపడుతోందనుకుని ట్యూనా ఎగబడితే, ముల్లు లేని కొక్కేలతో ఒక్కొక్కటిగా పైకి లాగేస్తారు.

ఏం తెచ్చుకోవచ్చని అడిగారు. ఎండబెట్టిన ట్యూనాను అక్కడ మాస్ అంటారు, తినేవాళ్లకు అది తేవచ్చు. కొబ్బరి, బెల్లం కలిపి చేసే మిఠాయి దొరికితే పక్కింటివాళ్లకు అది చాలు. ఒడ్డున దొరికే పగడపు ముక్క మాత్రం, ఎండిపోయినదైనా సరే, సంచిలో వేయొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, కొన్ని గవ్వలకూ శంఖాలకూ ఉంది. ఏది ఏదో మనం విడదీసి చెప్పలేం, కాబట్టి ఏదీ ఏరొద్దు.

అత్తమ్మకు గవ్వలు చూస్తే చేయి ఆగదని నాకు తెలుసు, మన ఇళ్లలో అష్టాచెమ్మా ఆడని ముసలమ్మ ఉండదు. ఆమెకు ఇంకో మాట చెప్పండి. మాల్దీవుల సముద్రంలోని గవ్వలు ఓడల మీద బెంగాల్‌కు వచ్చి వందల ఏళ్లు డబ్బుగా చెల్లాయి. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం ఇప్పటికీ అనే మాటలోని గవ్వ, ఒకప్పుడు నిజంగా డబ్బే. ఆ గవ్వల్ని అక్కడే వదిలేసి, ఆట కోసం ఇంటి నుంచి చింతగింజలు తీసుకెళ్లండి. ఒకవైపు అరగదీసినవి, తెలుపు నలుపు తేడా తెలిసేట్టు. గళ్లు ఇసుకలో వేలితో గీసుకోవచ్చు. ఓ పది గింజలు ఎక్కువే వేసుకోండి, తిరుగు ప్రయాణంలో ఓడ బల్ల మీద ఆడితే ఒకటి రెండు దొర్లిపోతాయి.